ఏడుగురు మాయమైన బావి

మా అపార్ట్‌మెంట్ పిల్లలు రోజూ నా ఫోన్‌కి ఏదో ఒక వీడియో పంపుతుంటారు. "తాతా, ఇది ఇప్పటిదాకా ఎవరూ విప్పలేని మిస్టరీ" అని. మనుషులు లేకుండా నడిసముద్రంలో దొరికిన ఓడ, ఓడల్ని మింగేసే త్రికోణం, తుప్పు పట్టని స్తంభం. చూసి ఊరుకుంటాను. ఊరుకోలేని రోజున ఇంత పొడుగు జవాబు రాస్తాను. వాళ్ళు చదవరు. అందుకని ఈసారి మొదటినుంచీ తీరిగ్గా రాస్తున్నాను. ఈ రహస్యాల పేరు చెప్పుకొని మూడేళ్ళు జీతం తిన్నవాణ్ణి కనుక నాకు ఆ మాత్రం హక్కుంది.

నేను పాత రికార్డుల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పైనే పనిచేశాను. నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు చదివి, అందులో ఏముందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిపెట్టడం నా పని. యాభై ఎనిమిదేళ్ళకు రిటైరై ఇంట్లో కూర్చుంటే నెల తిరక్కుండానే మా ఆవిడకు నేనొక తలనొప్పినయ్యాను. అప్పుడే మాదాపూర్లో ఆ గుండ్రటి అద్దాల భవనం లేస్తోంది. చుట్టూ బండలు. మధ్యాహ్నం విజిల్ వేసి బండలు పేల్చేవాళ్ళు, మా కిటికీలు గలగలమనేవి. ఆ భవనానికి కాస్త ఇవతల, ఒక రెండంతస్తుల ఇంట్లో ఉన్న చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లో పెట్టి చూసుకునే విజ్ఞానం సీడీలు తయారు చేసేవాళ్ళు. కొనేవాడు విదేశంలో ఉన్నాడు. ముప్పై మంది కుర్రకారు, ముసలివాణ్ణి నేనొక్కణ్ణి. రాసినదాంట్లో తప్పులుంటే పట్టుకోవడం నా పని.

మా మేనేజరు గుంటూరు వైపు అమ్మాయి. చురుకైన మనిషి. వచ్చిన రెండోరోజే నా బల్ల మీద ఒక కట్ట పెట్టింది.

"మాస్టారండీ, ఇది మన పెద్ద ప్రాజెక్టు. చరిత్రలో వీడని గొప్ప రహస్యాలు, మొత్తం ముప్పై. మీరు ఊరికే తేదీలూ పేర్లూ చూసి ఇచ్చేయండి."

ఊరికే చూసి ఇచ్చేసే అలవాటు నాకు లేదు. రికార్డుల ఆఫీసులో మాకు నేర్పింది ఒకటే. ఏ కాగితం చేతికొచ్చినా, ఈ మాట మొదట ఎవడు రాశాడు, వాడు కళ్ళతో చూశాడా, చూడకపోతే ఎవడి దగ్గర విన్నాడు అని వెనక్కి వెనక్కి పోవాలి. ఆ ముప్పై రహస్యాల్నీ అలాగే వెనక్కి తోలాను. ఓడ కథలో, బల్ల మీద టీ ఇంకా పొగలు కక్కుతోందని ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ ఓడ ఎక్కి చూసినవాళ్ళు కోర్టులో ఇచ్చిన వాంగ్మూలంలో టీ లేదు, పొగా లేదు. ఓడకు ఉండాల్సిన చిన్న పడవ కూడా లేదు. పడవ లేదంటే అందులో ఎక్కి వెళ్ళారనే కదా! ఎందుకు ఎక్కారో, తర్వాత ఏమయ్యారో మనకు తెలియదు, అంతే. ఆ టీ కాచింది తర్వాత వచ్చిన కథకులు. త్రికోణం సంగతీ ఇంతే. అది రద్దీ దారి, రద్దీ దారిలో ఎక్కువ మునుగుతాయి. అక్కడ మునిగిందని రాసిన ఓడల్లో ఒకటి వేరే మహాసముద్రంలో మునిగింది. ఢిల్లీ స్తంభం ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ, దాంతో పైన ఒక పొర కట్టింది. మట్టిలో ఉన్న భాగం పాపం మామూలు ఇనుములాగే తుప్పు పట్టింది.

అసలు తెలియనివే లేవా అంటే, ఎందుకు లేవు, బోలెడున్నాయి. సింధులోయ ముద్రల మీది రాత ఎవరికీ చదవరాలేదు. దొరికిన రాత చాలా కొంచెం, పక్కన పెట్టి పోల్చుకోవడానికి తెలిసిన భాషలో ఒక్క ముక్కా లేదు. అందుకని తెలియదు. తెలియదని చెప్పడానికి ఒక వాక్యం చాలు. దానికి వెనకాల సంగీతం ఎందుకు?

"మాస్టారూ, మీరిలా ఒక్కొక్కటే పీకేస్తూ పోతే డిస్కులో ఏం మిగులుతుందండీ?" అని మేనేజరమ్మ ఒకరోజు నెత్తి పట్టుకుంది. "పోనీ, మీరే ఒక్కటి చెప్పండి. నిజంగా రహస్యం అనదగ్గది. మన దేశంది, వీలైతే మన ఊరిది. క్లయింటు కూడా అడుగుతున్నాడు."

అప్పుడు నేను చేసిన పని ఇవాళ తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

నా దగ్గర ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన పోలీసు ఫైలు. గోపన్‌పల్లి దాటాక ఒక పల్లె, ఆ పల్లెలో మెట్ల బావి. దొర ఉండే కోటలాంటి గడి గోడకు వెట్టికి రాళ్ళు కొట్టే ఒక కుటుంబంలో ఏడుగురు ఒక్క తెల్లవారుజామున మాయమయ్యారు. ఇద్దరు తమ్ముళ్ళతో ఒక అన్న, ముగ్గురి భార్యలు, మూడేళ్ళ ఆడపిల్ల. బావి గట్టు మీద ఆరు జతల చెప్పులు, ఒక గొంగడి, ఒక తలపాగా. ఇంట్లో మిగిలింది చూపులేని ఒక ముసలమ్మ, ఒళ్ళంతా అమ్మవారు పోసిన పన్నెండేళ్ళ పిల్ల. అన్నగారి పెద్దకూతురు. అమ్మవారి భయానికి దగ్గరికి పోకుండా, దూరంగా నిలబడి పోలీసు అమీను ఆ పిల్ల చెప్పింది రాసుకున్నాడు: 'మావాళ్ళు ఒకరి వెనక ఒకరు బావి మెట్లు దిగారు. మళ్ళీ పైకి రాలేదు.' గాలాలు వేసి వెదికారు. ఒక్క శవం తేలలేదు. ఫైలు చివర ఎర్ర సిరాతో ఒకే మాట, లాపతా, అంటే ఆచూకీ లేదు.

ముప్పై ఏళ్ళుగా ఆ కథ నా సొత్తు. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ చెప్పేవాణ్ణి. ఆ ఏడు పేర్లూ వయసులతో సహా నాకు కంఠతా వచ్చు. ఆ రోజు భోజనాల వేళ మా కుర్రాళ్ళ ముందు గొంతు తగ్గించి, పెంచి, ఆ పిల్ల వాంగ్మూలం ఉర్దూలోనే అప్పజెప్పి, ఆఖరికి 'లాపతా' అని ఆగాను. మేనేజరమ్మ లేచి చప్పట్లు కొట్టింది.

"ఇంత బంగారం దగ్గర పెట్టుకొని ఇన్నాళ్ళూ మా టీలో పొగ లేదంటారా మీరు!"

వారం తిరక్కుండా నేను రాసిచ్చాను, ఆర్టిస్టు ఏడు నీడలు బావిలోకి దిగుతున్న బొమ్మ గీశాడు, క్లయింటు ఎగిరి గంతేశాడు.

మా ఆఫీసులో చాయ్ చేసే ఆమె ఉండేది. బోరబండ బస్తీ నుంచి వచ్చేది. కుర్రాళ్ళంతా ఆంటీ అనేవాళ్ళు, ఆమె కంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణయిన నేను కూడా ఆంటీ అనే పిలిచేవాణ్ణి. బొమ్మ తయారైన సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, జర ఒక మాట. గా బావి కత కంప్యూటర్ల పెట్టకుండ్రి."

"ఎందుకమ్మా?"

"వాళ్లు బావిల పడలే సారూ. దొర వెట్టి పడలేక పారిపోయిన్రు. గా మూడేండ్ల పిల్ల మా అమ్మ."

నేనేమన్నానో మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. "ఫైల్లో అట్ల లేదమ్మా" అన్నాను.

ఆమె నా మొహం కేసి అదోలా చూసింది. "ఫైలు సంగతి నాకెర్కలేదు సారూ. అమ్మ ఇంట్ల కూసోని ఉన్నది."

నాకు నిజంగా కోపం వచ్చింది. ఎవరో నా జేబులోంచి ఏదో లాగేసుకున్నట్టు అనిపించింది. ఏడుగురిలో ఒక్క శవం తేలలేదంటే బావిలో ఎవరూ పడలేదని అర్థం. టీ పొగల్ని పట్టుకున్న మొనగాడికి ముప్పై ఏళ్ళలో ఆ ముక్క తట్టలేదు! ఆ పల్లె మా రికార్డుల ఆఫీసుకి గంట ప్రయాణం. ఒక్కసారి పోయి, ఒక్క మనిషిని అడిగిన పాపాన పోలేదు. పోతే కథ పోతుందని లోపల ఎక్కడో భయం ఉండే ఉంటుంది.

ఆమె చెప్పింది ఇదీ. ఏడుగురూ రాత్రికి రాత్రి నడిచి పోయి, పేర్లు మార్చుకొని, ఊరూరా రాళ్ళు కొట్టుకుంటూ చివరికి బోరబండ చేరారు. పెద్దవాళ్ళంతా పోయారు. మిగిలింది ఆ చిన్నపిల్ల, అంటే ఆంటీ తల్లి. పెద్దపిల్లను మాత్రం అమ్మవారు పోసిన ఒంటితో, చూపులేని అవ్వ దగ్గర వదిలిపోయారు. బతకదనుకున్నారట. బతికిందని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి దొర ఇంకా ఉన్నాడు, పోతే పట్టుకుంటాడు. దొర పోయాక సిగ్గు అడ్డమొచ్చింది.

"మా పెద్దమ్మ గా ఊర్లనే ఉన్నది. అందరు బావిల పడి సచ్చిన్రనే అనుకుంటున్నది. ఇప్పుడు పోయి బతికే ఉన్నం, నిన్నే సావుమని ఇడిసిపోయినం అని ఎట్ల జెప్పాలె సారూ? ఏ మొకం పెట్టుకొని పోవాలె అని అమ్మ రోజు ఏడుస్తది. గీ కత బయటికొచ్చి, ఎవలన్న ఆరా తీసి మేం బతికే ఉన్నమని ఆమెకు జెప్తే మా అమ్మ పానం ఆగదు."

"బావి దగ్గర చెప్పులు ఎవరు పెట్టారు మరి?"

"గది మాకు గూడ ఎర్కలేదు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పేజీ తీసేయిస్తానని కూడా అన్నాను. కానీ రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు మేనేజరమ్మకు చెప్పలేదు. ఎందుకంటే ఆఫీసులో అందరూ నన్ను చూసి నవ్వుతూ పలకరిస్తున్నారు, మొదటిసారి నేను పనికొచ్చే మనిషినయ్యాను. ఈలోగా మేనేజరమ్మే, "మాస్టారూ, ఆ బావిని ఫొటో తీసుకురండి, అక్కడ వెంచర్ వేస్తున్నారట, పూడ్చేస్తారు" అని కంపెనీ కెమెరా నా చేతిలో పెట్టింది. అప్పుడైనా చెప్పచ్చు కదా! కెమెరా తీసుకొని ఆటో ఎక్కాను.

ఆ రోజు పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. బావి దగ్గర పేల్చిన బండల కుప్పలు పోసి ఉన్నాయి, లారీ ఒకటి నిలబడి ఉంది. గట్టు మీద ఒక ముసలామె, ముఖమంతా అమ్మవారి మచ్చలు. ఎదురుగా జోలె పట్టుకొని జంగమయ్య. ఆమె చేటలోంచి దోసిలితో బియ్యం తీసి, ఒక్కొక్క పేరు చెప్పి జోలెలో పోస్తోంది. మూడో పేరు దగ్గర నాకు తెలియకుండానే నేనూ అందుకున్నాను. ఫైల్లో ఉన్న వరసే. ఏడో పేరు ఇద్దరం కలిసి చెప్పాం.

ఆమె తిరిగి చూసింది. "ఎవలు నువ్వు? మా వాళ్ల పేర్లు నీకెట్ల ఎర్క?"

"పాత పోలీసు ఫైల్ల చదివినమ్మా. నువ్వు అమీన్ సాబ్‌కు చెప్పింది గూడ ఉన్నది."

"ఏం రాసిండు?"

చెప్పాను. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు, మళ్ళీ పైకి రాలేదు. ఆమె బోసినోరు తెరిచి నవ్వింది.

"గంతేనా రాసింది? నేను శానా జెప్పిన. బావిలకెల్లి చెయ్యి అచ్చింది, ఎల్తురు అచ్చింది అని గూడ జెప్పిన. దూరం నిలబడ్డడు కదా, ఇననట్టున్నడు."

"అంటే... వాళ్ళు బావిల పడలేదని నీకు తెలుసా?"

"నేను జెప్పిన అబద్దం నాకు తెల్వదా సారూ? చెప్పులు గట్టు మీద పెట్టింది నేనే. గోడ పట్టుకొని, ఆగుకుంట ఆగుకుంట ఆరు జతలు మోసుకొచ్చిన. కాళ్ల పుండ్లు పలిగి నెత్తురు కారింది. పారిపోయిన్రంటే దొర కుక్కల్ని తోలి పట్టిచ్చుకొస్తడు. సచ్చిన్రంటే ఎవడు లెంకుతడు?"

"మరి ఈ బియ్యం?"

"ఇయ్యకుంటే దొర మనుషులకు అనుమానం రాదా? ఏడాదికొకపారి అందరి ముంగట ఇచ్చిన. దొర సచ్చినంక గూడ మానలే. గీ వంకనన్న పేర్లు పలుకుత గద. లేకుంటే ఎవల ముంగట పలుకాలె?" అని కొంగుతో మూతి తుడుచుకుంది. "యాడికి పోయిన్రో, ఉన్నరో సచ్చిన్రో. అవ్వ పోయినంక నాకు అడుగనీకె ఎవలున్నరు?"

ఆంటీకి ఇచ్చిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే తప్పాను. ఆ పేర్లు చెప్పుకోవడానికి జంగమయ్య తప్ప ఎవరూ లేని మనిషి ముందు కూర్చొని, నాకు తెలిసింది నాలో దాచుకోవడం నా వల్ల కాలేదు.

"చిన్నది ఉన్నదమ్మా. బోరబండల ఉన్నది."

ఆమె మెట్టు మీద చతికిలబడింది. తర్వాత అడిగింది, "నడుస్తదా?"

"మోకాళ్ళ నొప్పులంట."

"నాకు గూడ ఉన్నయి." మోకాలి మీద చెయ్యి వేసుకొని, "పిల్లలా?"

"ఒక బిడ్డ. మా ఆఫీసుల చాయ్ చేస్తది."

అంతే, గబుక్కున లేచి జంగమయ్య జోలెలో చెయ్యి పెట్టి ఒక దోసెడు బియ్యం వెనక్కి తీసుకుంది. ఆయన లబలబలాడాడు. "ఇచ్చింది మల్ల తీస్కుంటరా అవ్వా? అరిష్టం గాదా?"

"బతికున్నదాని బియ్యం తింటవా నువ్వు? గది ఉన్నదంట, ఇనలే?"

నన్ను ఆటో మాట్లాడమంది. ఫొటో తియ్యలేదు. గుర్తే రాలేదు.

పేజీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు మేనేజరమ్మ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, కళ్ళు తుడుచుకొని, "తీసేద్దామండీ, తప్పదు" అంది. తర్వాత, మేనేజరు కనుక, "దాని బదులు ఇంకోటి రేపటికల్లా ఇస్తారా?" అంది. ఎక్కడో సరస్సులో ఉందంటున్న పెద్ద జంతువు గురించి రాసిచ్చాను. దాంట్లో ఉన్నవన్నీ ఉత్తవేనని కింద చిన్న అక్షరాల్లో రాశాను. ఆ అక్షరాలు డిస్కులో కనిపించలేదు. నా ఫిర్యాదుకు ఫాంటు సమస్య అన్నారు.

పిల్లలూ, మీరు పంపే వీడియోలు చూడొద్దని నేననను. కాకపోతే 'ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు' అని ఎవడైనా అన్నప్పుడు, నువ్వు ఎవరిని అడిగావురా అబ్బాయ్ అని ఒక్క ప్రశ్న వేయండి. నన్ను ముప్పై ఏళ్ళలో ఒక్కరూ ఆ ప్రశ్న వేయలేదు. అందరూ నోళ్ళు తెరుచుకొని విన్నారు.

ఇక బోరబండ. ఆటో గల్లీలోకి పోదంటే రైల్వే స్టేషన్ దగ్గర దిగి నడిచాం. ఆమె మోకాళ్ళ నొప్పి మాట మరిచిపోయి నాకంటే ముందు నడిచింది. పండగని ఆంటీ ఆ రోజు సెలవు పెట్టింది. గుమ్మంలో కూర్చొని కూరగాయలు తరుగుతోంది. నన్ను చూసింది, నా పక్కన మచ్చల ముఖాన్ని చూసింది. కత్తిపీట వదిలేసి లేచి నిలబడింది. నన్ను కొట్టినా బాగుండేది. గుమ్మం వదిలి పక్కకు జరిగింది, అంతే.

లోపల మంచం మీద ఆమె తల్లి. వచ్చింది ఎవరో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. గోడ వైపు తిరిగి కొంగు ముఖానికి కప్పుకొని ఏడవడం మొదలుపెట్టింది. అక్క పోయి మంచం పట్టె మీద కూర్చుంది. చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది.

"నాకు మొకం జూపియ్యకే అక్కా. పుండ్ల ఒంటితోని నిన్ను సావుమని ఇడిసిపోయినం. నాయిన సచ్చేదాంక గదే ఏడ్చిండు."

"గట్లని ఎవలు జెప్పిన్రే నీకు?" అక్క గొంతు పెద్దదైంది. ఊళ్ళో పిల్లల్ని కేకలేసే ముసలమ్మ గొంతు అది. "నువ్వు మూడేండ్ల దానివి, నీకేం ఎర్క? నాయిన పోనన్నడు. నన్ను ఎత్తుకుంటనన్నడు. ఎత్తుకుంటె తెల్లారేదాంక ఊరు దాటరు, అందరు దొరుకుతరని నేనే పొమ్మన్న. ఇటు తిరుగు. మీరు నన్ను ఇడిసిపోలే. నేనే మిమ్ముల పంపిన."